ఇరవై లీటర్ల బకెట్, ఐదున్నర లీటర్ల తప్పు

2024 ఫిబ్రవరి 15, గురువారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలు. చేవెళ్ల మెయిన్ రోడ్డు మీద మా ఇంజిన్ ఆయిల్, స్పేర్ పార్టుల షాపు. సురంగల్ నుంచి యోహాను వచ్చాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద పెట్టి నిలబడి, "అవ్వా, ఒక బకెట్ ఇయ్యి. ఎప్పటిదే" అన్నాడు. ఇచ్చాను. భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు. మొత్తం నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాల్లో నేను ఒక ప్రశ్న అడగలేదు. దాని ఫలితం జులై ఆరో తారీఖున బయటపడింది.

నిమిషాలతో సహా చెప్పగలుగుతున్నానంటే నాది జ్ఞాపకశక్తి కాదు, రిజిస్టరు. ఈ షాపులో కూర్చోవడం మొదలుపెట్టి నాకు ముప్పై తొమ్మిదేళ్లయింది. మొదటి నెల నుంచీ ఒక్కో బండికి ఒక్కో పేజీ పెట్టాను. తేదీ, సమయం, బండి మోడల్, తిరిగిన కిలోమీటర్లు, ఇచ్చిన ఆయిల్ రకం, ఎన్ని లీటర్లు. "డాక్టర్ కన్నా ఎక్కువ రాస్తవు నువ్వు" అని మా ఆయన నవ్వుతుంటారు. షాపు పెట్టింది ఆయనే. ఇప్పుడు మాత్రం గల్లా పక్కన కుర్చీలో పేపర్ చదువుతూ, వచ్చేపోయేవాళ్లతో ముచ్చట పెట్టడమే ఆయన పని.

ఆయిల్ ఇచ్చే ముందు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. బండి ఏది? ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? జవాబు రాకపోతే డబ్బా కదలదు. కొందరు విసుక్కుంటారు. ఒకసారి ఒకాయన "ఆయిల్ కొనడానికొచ్చిన్నా, పిల్లను అడగడానికొచ్చిన్నా?" అని అరిచాడు. అరిచినాయనకు కూడా బండి వివరాలు చెప్పాకే ఆయిల్ ఇచ్చాను.

యోహానును మాత్రం అడగలేదు. 2015 నుంచి అతని ట్రాక్టర్‌కు నా దగ్గర పేజీ ఉంది. ప్రతిసారీ అదే ఆయిల్, అదే బకెట్. తొమ్మిదేళ్లుగా ఒకే జవాబు వస్తుంటే ప్రశ్న దానంతట అదే ఆగిపోతుంది.

ఇక్కడ బకెట్ గురించి కొంచెం చెప్పాలి. మా వైపు రైతులు ఆయిల్‌ను లీటర్ల లెక్కన కొనరు. మూత, పిడి ఉన్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్ కొంటారు. ఆయిల్ అయిపోయాక ఆ బకెట్ ఇంటికి కావాలి. కోసిన చామంతులు వేయడానికి, బర్రెకు కుడితి పెట్టడానికి, స్నానానికి. ఆయిల్ కంపెనీ ఏదైనా పరవాలేదు కానీ నీలం బకెట్టే తెమ్మని ఇంట్లో వాళ్లు చెప్పి పంపిన రోజులున్నాయి. బకెట్ త్వరగా ఖాళీ కావాలి కాబట్టి అందులోని ఆయిల్ ఒక్క బండిలోనే ఆగదు. ట్రాక్టర్‌కు పోసి మిగిలింది తమ్ముడి ట్రాలీ ఆటోకు, ఇంకా మిగిలితే గేటు మడతబందులకు. ఇది నాకు తెలియని సంగతి కాదు.

జులై 6, శనివారం. పొద్దున తొమ్మిది ఇరవై. రాత్రి నుంచి సన్నగా వాన. ఒక తెల్ల కారు వచ్చి షాపు ముందు ఆగింది. ఏడుగురు కూర్చునే డీజిల్ బండి. అందులోంచి యోహాను దిగాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు ఉన్నాడు.

"అవ్వా, దీనికి వైపర్ బ్లేడ్లు ఇయ్యి. జల్ది."

"ఎవరిదిరా కారు?"

"నాదే! జనవరిల కొన్న. సెకండ్ హ్యాండే గని, పువ్వు లెక్క ఉన్నది."

కౌలుకు చేసే పూలతోట వదిలేసి ఆ కారు కొన్నాడు. ఇన్ని నెలలు ఊరి నుంచి మొయినాబాద్‌కు పూలూ మనుషులూ చేరవేస్తూ గడిపాడు. ఇప్పుడు అసలైన పని దొరికింది. మోకిలలో ఒక స్కూలు. సోమవారం నుంచి చేవెళ్ల, మొయినాబాద్‌లలో ఆరుగురు టీచర్లను ఎక్కించుకుని పొద్దున దింపాలి, సాయంత్రం తీసుకురావాలి. ఏడాది పొడుగునా పని. ఆ రోజు పదకొండు గంటలకు స్కూలు మేడమ్‌కు కారు చూపించాలి. అందుకే ఇస్త్రీ చొక్కా.

బ్లేడ్లు బిగిస్తూ సంతోషంగా అన్నాడు: "అవ్వా, నీ ఆయిల్‌ల బర్కత్ ఉన్నది. నాలుగున్నర నెలలైంది పోసి. తగ్గుడు మాటే లేదు. మొన్న చూసిన గద, ఇంక పెరిగింది!"

పేపర్ వెనక నుంచి మా ఆయన అందుకున్నారు. "మన ఆయిల్ పిల్లలు పెడుతున్నదన్నట్టు. బోర్డు మీద రాపియ్యాలె."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంజిన్‌లో ఆయిల్ తగ్గవచ్చు, ఉన్నంతే ఉండవచ్చు. పెరగదు. పెరిగిందంటే అందులో ఇంకేదో కలుస్తోందని.

"ఏ ఆయిల్ పోసినవ్ దీంట్ల?"

"నువ్విచ్చిందే. బకెట్లది."

"అది ట్రాక్టర్‌ది గదరా."

"బకెట్ మీద డీజిల్ ఇంజిన్ ఆయిల్ అని పెద్దగ రాసున్నది. ఇది డీజిల్ బండే గద అవ్వా? పెట్రోల్ బండిల పోసిన్నా ఏమన్న?"

అతను చదివింది నిజమే. బకెట్ మీద ట్రాక్టర్ బొమ్మ, లారీ బొమ్మ, కింద అదే మాట. ఎలా పంచాడో కూడా అడిగి రాసుకున్నాను. ట్రాక్టర్‌కు ఏడున్నర లీటర్లు, కారుకు ఐదున్నర, తమ్ముడి ట్రాలీకి నాలుగున్నర. మిగిలిన రెండున్నర ఇంట్లో సీసాల్లో ఉంది. మొత్తం ఇరవై. లెక్క సరిపోయింది, పోసిన చోటే సరిపోలేదు.

కొంగు నెత్తిన కప్పుకుని వానలోనే కారు దగ్గరికి వెళ్లాను. బానెట్ ఎత్తించి డిప్‌స్టిక్ లాగాను. డిప్‌స్టిక్ అంటే ఇంజిన్ అడుగున ఎంత ఆయిల్ ఉందో చూసే సన్నని ఉక్కు పుల్ల. దానికి రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి. తుడిచి, ముంచి, తీసి, స్కేలు పెట్టాను. పై గీత దాటి పద్నాలుగు మిల్లీమీటర్లు. వేళ్ల మధ్య రుద్దితే జిగురు లేదు. వాసన చూస్తే డీజిల్.

"తాళం తిప్పు. ఇంజిన్ మాత్రం స్టార్ట్ చెయ్యకు."

తిప్పాడు. స్టీరింగ్ వెనక మీటర్లలో లైట్లన్నీ వెలిగాయి. ఒక మూల మాత్రం యాపిల్ పండ్ల మీద అంటించి ఉండే చిన్న స్టిక్కర్ కనిపించింది.

"ఇదేంది?"

"స్టిక్కర్."

"అది నాకు కండ్లకు కనబడుతనే ఉన్నది. దాని కింద ఏమున్నది?"

యోహాను తల గోక్కున్నాడు. "ఒక పసుపు లైట్ అవ్వా. పది పదిహేను రోజులకెల్లి పోతలేదు. కండ్లల్ల పొడుస్తున్నదని..."

గోటితో స్టిక్కర్ పీకాను. ఒక చిన్న డబ్బా, అందులో చుక్కలు. అది డి.పి.ఎఫ్. గుర్తు. కొత్త కాలుష్య నియమాలతో వచ్చిన ఇప్పటి బి.ఎస్. సిక్స్ డీజిల్ కార్లన్నిటికీ పొగగొట్టం దారిలో ఒక ఫిల్టర్ ఉంటుంది, దాని పేరే డి.పి.ఎఫ్. పొగలోని మసిని గాలిలోకి వదలకుండా అది పట్టుకుంటుంది. మసి నిండినప్పుడు ఇంజిన్ తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ చల్లి, ఫిల్టర్‌ను వేడెక్కించి, మసిని కాల్చేస్తుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. దీనికి బండి ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఆగకుండా పరుగెత్తాలి. యోహాను బండి సురంగల్ నుంచి మొయినాబాద్ దాకా, ఆ కొద్ది దూరమే వెళ్లి ఆగిపోతుంది. కాలడం మొదలైన ప్రతిసారీ మధ్యలో ఇంజిన్ ఆపేస్తున్నాడు. కాలకుండా మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి కిందికి, ఆయిల్‌లోకి చేరుతోంది. అతను చెప్పిన బర్కత్ అదే.

ఇక ఆయిల్ సంగతి. డబ్బా మీద రెండు విషయాలు ఉంటాయి. ఒకటి చిక్కదనం: ట్రాక్టర్‌ది 15W-40, ఈ కారుకు కావాల్సింది 5W-30. ఇది ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అందరూ చూస్తారు. రెండోది స్పెసిఫికేషన్, అంటే ఆయిల్‌లో ఎలాంటి మందులు కలిపారో, ఏ ఇంజిన్‌కు పనికొస్తుందో చెప్పే గుర్తు. అది వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చూడరు. ట్రాక్టర్ ఆయిల్‌లో కలిపే మందులు ట్రాక్టర్‌కు మంచివే. కానీ ఇంజిన్‌లో ప్రతి ఆయిల్ కొంచెం కాలుతుంది. ఈ ఆయిల్ కాలితే బూడిద ఎక్కువ మిగులుతుంది. ట్రాక్టర్‌కు ఫిల్టర్ లేదు కాబట్టి బూడిద గాలిలో కలిసిపోతుంది. కారుకు ఫిల్టర్ ఉంది కాబట్టి అందులోనే పేరుకుంటుంది. మసి మంటకు కాలిపోతుంది, బూడిద మళ్లీ కాలదు. కట్టెల పొయ్యిలోనైతే పొద్దున్నే బూడిద ఎత్తిపోస్తాం. ఈ పొయ్యికి ఎత్తిపోసే దారి లేదు. ఫిల్టర్‌లో జాగా తగ్గేకొద్దీ మసి తొందరగా నిండుతుంది, ఇంజిన్ మాటిమాటికీ కాల్చబోతుంది, డీజిల్ ఇంకా జారుతుంది.

"తాళం నాకియ్యి" అన్నాను.

"ఎందుకవ్వా? పదకొండింటికి మోకిల పోవాలె."

"ఈ ఆయిల్‌తోని పోతే నువ్వు మోకిలకు చేరొచ్చు. ఇంజిన్ చేరది. పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడదు. పట్టేసిందంటే కారు అమ్మినా ఇంజిన్ పైసలు రావు."

యోహాను ముఖంలో నవ్వు పోయింది. మెట్టు మీద కూర్చుండిపోయాడు. "సోమవారం పోకుంటే ఆ పని ఇంకొకనికి ఇస్తరు. తోట ఇడిసిపెట్టిన. చేతుల ఇదొక్కటే ఉన్నది."

"మేడమ్‌కు ఫోన్ కలుపు."

మా ఆయన పేపర్ మడిచి మెల్లగా అన్నారు, "టైర్ పంక్చరైందని చెప్పు. అయిపోతది."

"ఎల్లుండి ఆరుగురు టీచరమ్మలు కూసునేది ఆ కారులనే" అని నేను ఫోన్ తీసుకున్నాను.

అటువైపు మేడమ్ గొంతు చాలా స్పష్టంగా ఉంది. "మీరెవరండీ?"

"ఆయిల్ షాపామెను. చేవెళ్లల. యోహాను కారుకు పొరపాటు ఆయిల్ పడ్డది. నా దగ్గరనే ఆపిన. ఇయ్యాల సాయంత్రానికల్ల సరి చేపిస్త. కాకుంటే నేనే మీకు ఫోన్ చేసి ఇంకో బండి చూసుకోమంట."

"సోమవారం ఏడుంపావుకు మా టీచర్లు చేవెళ్ల బస్టాండ్‌లో ఉంటారు. ఏడున్నరకు కారు లేకపోతే వేరే ఆయన సిద్ధంగా ఉన్నారు. నేను మళ్లీ ఫోన్ చేయను" అంది. న్యాయమే అనిపించింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ కారుకు కావాల్సిన 5W-30, సి-త్రీ స్పెసిఫికేషన్ ఆయిల్, అంటే బూడిద తక్కువ మిగిలే ఆయిల్, నా షాపులో లేదు. అడిగేవాళ్లు లేరని నేను తెప్పించలేదు. ముప్పై తొమ్మిదేళ్ల షాపులో అది లేదని చెప్పడం నాకు చిన్నతనంగా ఉంది, అయినా లేదు.

మొయినాబాద్‌లో జహంగీర్ అని కార్ల మెకానిక్ ఉన్నాడు. స్కానర్ ఉన్నవాడు. స్కానర్ అంటే కారు కంప్యూటర్‌తో మాట్లాడే చేతి మిషన్. ఫోన్ చేస్తే, "అమ్మా, ఫికర్ చెయ్యకు. మూడు గంటలకు నా పని అయిపోతది, వస్త. ఆయిల్ మాత్రం అసలుది తెప్పియ్యి" అన్నాడు.

తొమ్మిది యాభై ఐదు బస్సుకు నేనే మెహదీపట్నం బయల్దేరాను. యోహాను పోతానన్నాడు కానీ, డబ్బా వెనక అక్షరాలు చదివే మనిషి వెళ్లాలి. అక్కడ పెద్ద దుకాణంలో కౌంటర్ మనిషి 5W-30 డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. కళ్లద్దాలు పెట్టుకుని వెనక చదివాను. సి-త్రీ లేదు.

"చిక్కదనం అదే కదమ్మా. ఏముంది?"

"చిక్కదనం కోసం రాలే నాయనా. ఇంకోటి చూపియ్యి."

రెండోదానిలోనూ లేదు. మూడో డబ్బా వెనక నాలుగో వరసలో ఉంది. ఐదు లీటర్లది ఒకటి, లీటరుది ఒకటి, ఆ కారుకు సరిపోయే ఆయిల్ ఫిల్టర్ ఒకటి తీసుకున్నాను. తిరుగు బస్సులో, ఆధార్ చూపిన ఆడవాళ్లకు ఇచ్చే ఉచిత టికెట్ కొడుతూ కండక్టర్ నా ఒళ్లో డబ్బాలు చూసింది. "అవ్వా, నీకు జీరో టికెట్. నీ పెద్ద డబ్బాకు మాత్రం ఆధార్ కార్డు కావాలె" అంది. బస్సంతా నవ్వింది. పొద్దున్నుంచి నేను నవ్వింది అప్పుడే.

రెండుంపావుకు షాపు చేరేసరికి యోహాను భార్య మార్త వచ్చి ఉంది. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. సగం రోజు సెలవు పెట్టి, డ్యూటీ చీరలోనే ఆటో ఎక్కి వచ్చేసింది. చేతిలో ఆ యాపిల్ స్టిక్కర్ పట్టుకుని మొగుణ్ని నిలబెట్టి అడుగుతోంది.

"జరమొచ్చినోని దగ్గర థర్మామీటర్ దాసిపెడితే జరం పోతదా?"

"అట్ల కాదే..."

"ఎట్ల మరి? మా దవాఖానల బీపీ మిషన్ మొత్తుకుంటే మేం దాని మీద స్టిక్కర్ అంటిస్తమా?"

"మా దోస్తు ఒకడు చెప్పిండు" అని యోహాను నావైపు తిరిగాడు, ఆమె నుంచి తప్పించుకోవడానికి. "ఆ ఫిల్టర్ డబ్బాను కోసి తీసేస్తే లొల్లే ఉండదట. గంట పనేనట."

నేను నోరు తెరిచేలోపు మార్తే అంది: "తలనొప్పికి తల తీసేస్తరా?"

అలా తీసేయించిన కారుకు పొల్యూషన్ కాగితం రాదు. పట్టుబడితే స్కూలు పనీ పోతుంది. ఆ మాట అక్కడితో ఆగింది.

మూడున్నరకు జహంగీర్ వచ్చాడు. ముందు పాత ఆయిల్ దింపించాను. గీతలున్న డబ్బా నేనే కింద పెట్టాను, ఎంత వస్తుందో చూడాలని. ఐదున్నర పోసిన చోట ఆరు లీటర్ల ఏడు వందల మిల్లీలీటర్లు వచ్చింది. అంటే డీజిల్ ఒక లీటరు రెండు వందలు. జహంగీర్ వేలు ముంచి చూసి, "అమ్మా, ఇది ఆయిల్ కాదు, చాయ్. దీంతోని ఇన్ని రోజులు నడిచిందంటే ఇంజిన్ షరీఫ్, మంచి మనిషి" అన్నాడు. డబ్బా జరుపుతుంటే కొంచెం చింది నా లేతాకుపచ్చ చీర మీద పడింది.

కొత్త ఆయిల్ ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ ఐదున్నర లీటర్లు పోశాం. తర్వాత స్కానర్ పెట్టాడు. అందరం అద్దంలోంచి తొంగి చూస్తున్నాం. మసి ముప్పై ఎనిమిది గ్రాములు.

"మంచిదా చెడ్డదా?" అని యోహాను అడిగాడు.

"ఈ బండికి నలభై ఐదు దాటితే కాల్చమని హుకుం ఇచ్చినా వినదు. ఫిల్టరే మార్చాలె. కొత్తది రావాలంటే మూడు వారాలు."

మార్త చేతులు జోడించి కళ్లు మూసుకుంది. యోహాను లోపల లెక్క వేసుకున్నాడు. ఏడు గ్రాములు. ఇంకో వారం స్టిక్కర్ అంటించుకుని తిరిగి ఉంటే దాటిపోయేది.

నాలుగుంపావుకు స్కానర్ నుంచి ఆజ్ఞ ఇచ్చాడు. దీన్ని ఫోర్స్‌డ్ రీజెనరేషన్ అంటారు, అంటే నిలబెట్టిన బండిలోనే బలవంతంగా మసి కాల్పించడం. మిషన్ ఒప్పుకోలేదు. కారణం అక్కడే రాసింది. ట్యాంకులో డీజిల్ చాలదట.

జహంగీర్ నుదురు కొట్టుకున్నాడు. "ఎంత పోసినవ్ భాయ్?"

"ఐదు వందలది."

"ఎప్పుడు?"

"మొన్న."

మా ఆయన కుర్చీలోంచి లేచారు. పొద్దున్నుంచి మొదటిసారి. స్కూటర్ మీద బంకుకు వెళ్లి పది లీటర్లు తెచ్చి పోశారు. నాలుగు నలభైకి మళ్లీ మొదలుపెడితే ఈసారి ఇంజిన్ దానంతట అదే రొద పెంచింది. వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ, కమురు వాసన. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. "కారు అంటుకున్నదా?" అని ఒకరు, "పాము దూరిందట" అని ఇంకొకరు. మా ఆయన నిండు నీళ్ల బకెట్ పట్టుకుని ఫైరింజన్ వాళ్లలా నిలబడ్డారు.

నేను చేతి గడియారం చూస్తూ అంకెలు రాసుకున్నాను. ముప్పై ఎనిమిది. ఐదు నిమిషాలకు ముప్పై ఒకటి. పదో నిమిషానికి ఇరవై రెండు. తర్వాత ఇరవై రెండు. ఇంకా ఇరవై రెండు. నాలుగు నిమిషాలు ఆ అంకె కదలలేదు. పాము గురించి చెప్పినాయన కూడా దగ్గరికొచ్చి స్కానర్ చూస్తున్నాడు. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టడానికి ఫిల్టర్ చల్లారాలి, అప్పటికి ఏమవుతుందో జహంగీర్ కూడా చెప్పలేనన్నాడు.

"పంతొమ్మిది" అంది మార్త అందరికంటే ముందు.

తర్వాత పదమూడు, తొమ్మిది, ఆరు. ఐదూ ఎనిమిదికి మిషన్ పూర్తయిందని చెప్పింది. ఇరవై ఎనిమిది నిమిషాలు. యోహాను జహంగీర్‌ను ఎత్తుకోబోయాడు. జహంగీర్ ఒప్పుకోలేదు.

చల్లారాక బండిని మొయినాబాద్ దాకా ఆగకుండా నడిపి తీసుకొచ్చాం. జహంగీర్ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, ఆలుమగలు వెనక. లైట్ వెలగలేదు. ఆరూ ఇరవైకి తిరిగొచ్చి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూశాను. పై గీత మీద ఉంది, దాటలేదు. జహంగీర్ మాత్రం ఇంకో మాట చెప్పాడు. ఫిల్టర్‌కు ముందూ వెనకా గాలి ఒత్తిడిలో తేడా ఇంకా కొంచెం ఎక్కువే చూపిస్తోంది. "మసి పోయింది అమ్మా. బూడిద ఉన్నది. అది పోదు." యోహాను కొనేనాటికే అరవై ఒక్క వేల కిలోమీటర్లు తిరిగిన ఫిల్టర్‌లో పాత బూడిద ఎంతో, మా బకెట్ తెచ్చింది ఎంతో విడదీసి చెప్పే మిషన్ లేదు. మా బకెట్ ఆయిల్‌తో అది తిరిగింది నాలుగు వేల ఏడు వందల డెబ్బై ఐదు కిలోమీటర్లు.

అందరూ చాయ్ తాగుతుండగా యోహానుతో అన్నాను. "తప్పు నాదిరా. ఆ రోజు ఏ బండికని అడగలేదు. ఈ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఖర్చు నా మీద."

"నువ్వు అడిగినా ట్రాక్టర్‌కనే అంటుంటి గద అవ్వా. అప్పుడు నా మనసుల ట్రాక్టరే ఉండె. పోసినంక బకెట్ల ఇంక కనబడ్డది. అప్పుడు కారు యాదికొచ్చింది."

నాకు ఊరట ఇవ్వాలని అన్నాడు. నాకు మాత్రం ఆ మాట నిద్ర లేపినట్టయింది. అతను చెప్పింది నిజం. నేను గొప్పగా అడిగే మూడు ప్రశ్నలూ ఆ రోజు అడిగినా నిజమైన జవాబే వచ్చేది, పొరపాటు అయినా జరిగేది. నేను బండి గురించి అడుగుతున్నాను. మా వైపు కొనేది బండి లెక్కన కాదు, బకెట్ లెక్కన. అడగాల్సింది బకెట్ గురించి.

మరుసటి సోమవారం నుంచి నా దగ్గర నాలుగో ప్రశ్న ఉంది: "మిగిలింది ఎందుల పోస్తరు?" మొదటి నెలలోనే ఈ ప్రశ్నకు ముగ్గురి నోట కారు బయటపడింది. ఒకాయన "నువ్వు పోలీసోళ్ల లెక్క అడుగుతున్నవ్" అంటూనే అల్లుడి కొత్త కారు పేరు చెప్పాడు. సి-త్రీ డబ్బాలు ఇప్పుడు నా షాపులో ఎప్పుడూ నాలుగు తక్కువ కాకుండా ఉంటాయి. ఈ వ్యాసం చదివేవాళ్లు మీ కారు పుస్తకంలో ఆయిల్ పేజీ తీసి చూడండి. చిక్కదనం అంకెతో ఆగకుండా దాని పక్కన రాసిన గుర్తు కూడా చదవండి. మీ డబ్బా వెనక ఆ గుర్తు లేకపోతే పోయకండి, దుకాణదారు ఎంత పెద్దమనిషైనా సరే.

జులై 8, సోమవారం, ఏడూ ఐదుకు యోహాను కారు చేవెళ్ల బస్టాండ్‌లో ఉంది. నేను వెళ్లి చూశాను. టీచర్లు ఇంకా రాలేదు. ఏడుంపావుకు చేవెళ్ల వాళ్లు ముగ్గురూ ఎక్కారు, మిగతా ముగ్గురు మొయినాబాద్‌లో. ఆ పని ఇప్పటికీ అతనిదే. రోజూ మోకిల దాకా ఆగకుండా పోవడం ఆ ఫిల్టర్‌కు కూడా మంచిదే అయింది.

మసి కాల్చేటప్పుడు మళ్లీ కాస్త డీజిల్ ఆయిల్‌లోకి దిగి ఉంటుంది కాబట్టి, తర్వాతి ఆయిల్ ఐదు వేల కిలోమీటర్లకే మార్చాలని కారుకు కొత్తగా తెరిచిన పేజీలో రాశాను. దాని కిందే, పోయినవన్నీ రాశాను.

ట్రాక్టర్ ఆయిల్ ఐదున్నర లీటర్లు. అందులో కలిసి పాడైన డీజిల్ ఒక లీటరు రెండు వందల మిల్లీలీటర్లు. ఆయిల్ ఫిల్టర్ ఒకటి. మార్త సెలవు సగం రోజు. జహంగీర్ సమయం మూడు గంటలు. నా చీర ఒకటి. డి.పి.ఎఫ్. ఆయుష్షు కొంత. ఎంతో తెలియదు కాబట్టి అక్కడ అంకె వేయలేదు.